ఫిలింనగర్ తొట్టిలో సముద్రపు అడుగు

మా బాల్కనీలోంచి చూస్తే ఫిలింనగర్ కొండరాళ్ళు కొన్ని, వాటి మధ్య ఇరుకునపడ్డ అపార్టుమెంట్లు చాలా కనిపిస్తాయి. సముద్రం ఏ దిక్కునా లేదు. అయినా మొన్నటి ఎండాకాలమంతా మా ఇంట్లో సముద్రం గురించే మాటలు. అదీ కెరటాల గురించి కాదు, అడుగున ఉండే మట్టి గురించి. కారణం మా చెల్లెలి కూతురు.

ఆ అమ్మాయి ఇంజనీరు. మాదాపూర్‌లో ఆఫీసు. ఏం పని చేస్తావే అని మా ఆవిడ అడిగినప్పుడల్లా ఏదో చెప్పేది, అది మా ఆవిడకి అర్థమయ్యేది కాదు. చివరికి ఒక రోజు కాఫీ తాగుతూ తేల్చేసింది. "సముద్రంలో తేలే గాలిమరలు ఊడిపోకుండా లంగర్లు వేస్తాను అత్తయ్యా."

గాలిమరలంటే కరెంటు పుట్టించే పెద్ద పంకాలు. అనంతపురం వైపు వెళ్ళేటప్పుడు కొండల మీద కనిపిస్తాయి కదా, అవే. వాటిని సముద్రంలో కూడా పెడతారు. లోతు తక్కువున్న చోట స్తంభాన్ని నేరుగా అడుగులో పాతేస్తారు. లోతు పెరిగితే అంత పొడుగు స్తంభం పాతడం కుదరదు. అప్పుడు గాలిమరను తేలే దిమ్మె మీద నిలబెట్టి, ఆ దిమ్మెను గొలుసులతో అడుక్కి కట్టేస్తారు. గొలుసు చివర నేలను పట్టుకునేది ఏమిటి, ఎలా పట్టుకుంటుంది, ఎంత లాగితే వదిలేస్తుంది అన్నదే మా మేనకోడలి పని.

నా ఉద్యోగమంతా దినపత్రిక డెస్కు మీద గడిచింది. ఎదుటివాళ్ళు ఏం చెప్పినా, పొద్దున్నే టీ కొట్టు దగ్గర పేపరు విప్పేవాడు ఏమడుగుతాడో అదే అడగడం అలవాటు. కాబట్టి అడిగాను.

"తుపానొస్తే?"

"నువ్వూ అదే అడిగావా మావయ్యా!" అని కప్పు కింద పెట్టింది. అప్పుడు చెప్పింది అసలు సంగతి.

ఉత్తరాంధ్ర తీరంలో ఒక మత్స్యకార గ్రామం ఎదురుగా, లోతు నీళ్ళలో ఒక చోటు చూసుకున్నారు వీళ్ళ ఆఫీసువాళ్ళు. గాలి లెక్కలు, లోతు లెక్కలు అన్నీ చూసి ఆ చోటు బాగుంటుందని చెప్పింది తనే. తరవాతి పని అడుగు మట్టి తీసి చూడటం. ఇసుకైతే ఒక రకం లంగరు, బంకమట్టయితే ఇంకో రకం, రాయైతే మరో రకం. దానికి ఒక పడవ వెళ్ళి నీళ్ళలో కొన్నాళ్ళు ఉండాలి. ఆ ఊరి పడవలవాళ్ళు సరే అనకుండా అది జరగదు. ఒప్పించడానికి తను వెళ్ళి, తెర కట్టి, బొమ్మలు చూపించి, లంగరు ఊడదని చెప్పింది. ఊరిపెద్ద ఓపిగ్గా అంతా చూసి ఒకటే మాట అన్నాడట.

"బొమ్మ ఎలాగైనా గీయొచ్చు గదమ్మా. ఊడదని నువ్వు సెప్పడం కాదు. సూపించు."

అంతటితో ఆ సమావేశం అయిపోయింది. ఆఫీసులో ఈమెకి చెప్పిందేమిటంటే, ఆ ఊరి ఒప్పుదల తెచ్చే బాధ్యత నీదే, రాకపోతే ఆ చోటు వదిలేస్తాం అని. తను ఎంచిన చోటు, తను ఇన్నాళ్ళూ లెక్కలు కట్టిన చోటు. అదృష్టం ఏమిటంటే ఆ పెద్దాయన కూతురు మన మోతీనగర్‌లోనే ఉంటుంది. మనవడికి పుట్టువెంట్రుకలు తీయించడానికి నెలాఖరుకి వస్తున్నాడు. ఫోన్ చేసి, మీరు హైదరాబాదు వచ్చినప్పుడు చూపిస్తాను అని ఈమె మాటిచ్చేసింది. ఆయన వస్తానన్నాడు.

"ఎలా చూపిస్తావు?" అన్నాను.

"అందుకే నీ దగ్గరికి వచ్చా. అత్తయ్యా, గారెల పిండి ఉందా?"

ఆదివారం కాబట్టి ఉంది. మా ఆవిడ ముద్దగా రుబ్బిన పిండి గిన్నె తెచ్చి పెట్టింది. ఈ పిల్ల సంచిలోంచి ఒక స్టీలు గ్లాసు తీసింది. దాని అడుగున చిన్న చిల్లు, ఆ చిల్లుకి రబ్బరు గొట్టం బిగించి ఉంది. గ్లాసు బోర్లించి పిండి మీద పెట్టింది. సొంత బరువుకి అంచు కొంచెం దిగి ఆగిపోయింది.

"ఇది లంగరు. గ్లాసు పెద్దదనుకో, మన ఇల్లంత. సముద్రంలో దీని లోపల నీళ్ళుంటాయి. ఆ నీళ్ళని పైన పంపు పెట్టి తోడేస్తాం." గొట్టాన్ని నోట్లో పెట్టుకుని గాలి పీల్చింది. గ్లాసు ఎవరో అరచేత్తో నొక్కుతున్నట్టు నెమ్మదిగా పిండిలోకి దిగింది. "లోపల తోడేసిన కొద్దీ పైనున్న సముద్రమే దీన్ని నొక్కుతుంది. సమ్మెట దెబ్బలు లేవు, చప్పుడు లేదు. ఇప్పుడు గొట్టం మూసేస్తున్నా. లాగు మావయ్యా."

లాగాను. గ్లాసుతో పాటు గిన్నె మొత్తం లేచి వచ్చింది. మా ఆవిడ గిన్నె అంచు పట్టుకుని కిందికి గుంజింది.

"గాలిమరల సంగతి తరవాత చూద్దురు గానీ, నా గారెలు!" అంది.

ఆ పూట గారెలు ఆలస్యంగా తిన్నాం గానీ, ఏం చెయ్యాలో నాకు తెలిసిపోయింది. మా వీధి చివర ఒక ఆర్ట్ డైరెక్టర్ ఉంటాడు. కృష్ణా జిల్లా మనిషి. సినిమా పేజీ పని చూసే రోజుల నుంచీ పరిచయం. కోటలు కట్టాడు, రైళ్ళు తగలబెట్టాడు, ఒకసారి వరదలో ఒక ఊరు ముంచాడు. ఆ వరద ముంచింది ఫిలింనగర్ దిగువన, షేక్‌పేట వైపు ఒక షెడ్డులో ఉన్న సిమెంటు తొట్టిలో. ఒక పక్క మందపాటి అద్దం, ఆ అద్దంలోంచి కెమెరా చూస్తుంది. ఇప్పుడు అన్నీ కంప్యూటరు మీదే చేస్తున్నారు కాబట్టి తొట్టి ఎండిపోయి, అందులో పాత కుర్చీలు పడేసి ఉన్నాయి.

షెడ్డు యజమానిది షేక్‌పేటే. ముత్తాతల నాటి నుంచీ ఉన్న నేల. మేం వెళ్ళేసరికి ఆ కుర్చీల్లోంచే రెండు లాగి వేశాడు.

"గ్రాఫిక్స్ వచ్చినంక నా తొట్టి మొహం చూసినోడు లేడు సార్. ఇప్పుడు సముద్రం గావాల్నా? పెడదాం. తుపాను గావాల్నా? పంకాలున్నయ్. ఏం ఫికర్ జెయ్యకుండ్రి."

"సముద్రం అక్కర్లేదండీ, అడుగు చాలు," అంది మా అమ్మాయి.

"అడుగా?" అన్నాడు ఆయన ఆర్ట్ డైరెక్టర్ వైపు చూసి. "భాయ్, అడుగు ఇంతవరకు ఎవ్వరు అడగలే."

"అందుకే మనల్ని అడిగారు," అన్నాడు ఆర్ట్ డైరెక్టర్ గర్వంగా. ఆయన దగ్గర ఎప్పుడూ అంతే, కాదన్న మాట లేదు. మేం అనుకున్నది ఇదీ: పెద్దాయన్ని తొట్టి ముందు నిలబెట్టి చూపించడం, మిగతా ఊరివాళ్ళ కోసం అదే పని చిన్న సినిమాగా తీసి పంపడం. తెలుగు మాటలు నేను రాయాలి. పది రోజుల గడువు అంటే ఆయన నవ్వాడు. "గురువుగారూ, నేను ఇంద్రలోకం వారంలో దింపినవాణ్ణి. ఇది ఒక లంగరు."

ఆ లంగరు మూడో రోజుకి తయారైంది. అమ్మాయిని, నన్ను పిలిచాడు. షెడ్డు మధ్యలో గుడ్డ కప్పి ఉంది. గుడ్డ లాగాడు. ఓడల బొమ్మల్లో ఉంటుందే, రెండు కొక్కేలు పైకి వంగి, మధ్యలో కడ్డీ, పైన రింగు, అచ్చం అదే. థర్మకోలుతో చేసి, ఇనుము రంగు వేసి, మీద తుప్పు మరకలు, నాచు, రెండు ఆల్చిప్పలు కూడా అంటించాడు. అంత అందమైన లంగరు నేను నిజం ఓడరేవులో కూడా చూడలేదు.

మా అమ్మాయి దాని చుట్టూ ఒకసారి తిరిగింది. "చాలా బాగుంది బాబాయ్. కానీ ఇది కాదు."

"లంగరు కాదా?"

"ఇది పడవ లంగరు. రాత్రికి వేసి పొద్దున్నే తీసుకుపోయేది. నాది బోర్లించిన డబ్బా. ఇరవై ఏళ్ళు పైన ఉండాలి."

"డబ్బా చూస్తే లంగరని ఎవరనుకుంటారమ్మా? జనానికి లంగరంటే ఇదే."

"ఆ జనం పొద్దున లేస్తే లంగరు మొహమే చూస్తారు. కొత్తది ఎలా పనిచేస్తుందో చూడటానికి వస్తున్నారు."

షెడ్డు యజమాని థర్మకోలు లంగరుని ఒక చేత్తో ఎత్తి భుజాన వేసుకున్నాడు. "గిది నా గేటు మీద పెట్టుకుంట. మస్తుంది."

అది ఇప్పటికీ అక్కడే ఉంది.

తరవాత డబ్బా చేశారు. ఇనుప రేకు డబ్బా, బిందె అంత ఉంటుంది, కింద మూత లేదు, పైన మూసి ఒక గొట్టం. గొలుసు తగిలించే కొక్కెం పైన కాకుండా పక్కన, మధ్యకంటే కిందకి పెట్టించింది అమ్మాయి. అక్కడ పట్టి లాగితే డబ్బా తల వాల్చకుండా నిటారుగా ఉండి ఎదురు నిలుస్తుందట. తేలే దిమ్మె, దాని మీద గాలిమర మాత్రం ఆర్ట్ డైరెక్టర్ ముచ్చటపడి చేశాడు. పంకా నిజంగా తిరుగుతుంది. తొట్టిలో ఇసుక పోశారు, నీళ్ళు పెట్టారు, అద్దంలోంచి చూస్తే నీళ్ళు కొబ్బరినీళ్ళలా మెరిశాయి. మోటారు వేసి డబ్బాలో నీళ్ళు తోడారు.

డబ్బా దిగలేదు. కొంచెం ఊగింది, చుట్టూ ఇసుక గుంట పడింది, అంతే. షెడ్డు యజమాని పంకాలు వేసి, చెక్కతో అలలు కొడితే గొలుసు బిగిసి డబ్బా పక్కకి ఒరిగిపోయింది. గాలిమర తొట్టి గోడకి వెళ్ళి గుద్దుకుంది.

"ఇసుక ముతకది," అంది అమ్మాయి గుప్పెడు తీసి వేళ్ళ మధ్య నలిపి. "లోపల తోడుతుంటే బయటి నీళ్ళు ఇసుక సందుల్లోంచి వచ్చేస్తున్నాయి. ఇంక నొక్కేది ఏముంది? నేను బంకమట్టి అన్నాను కదా బాబాయ్."

"బంకమట్టి పోస్తే నీళ్ళు కలక బారతాయమ్మా. కెమెరాకి ఏం కనపడుతుంది, టీ?"

తొట్టిలో షూటింగు చేసేవాళ్ళకి అది మొదటి నియమం. ఏం పోసినా కడిగి పోయాలి, నీళ్ళు కలక బారకూడదు. ముప్పై ఏళ్ళుగా ఆయన ముంచిన పడవలన్నీ తేటనీళ్ళలోనే మునిగాయి. ఆ రోజు సంగతి అక్కడ ఆపేసి, మట్టి గురించి రేపు మాట్లాడదాం అనుకుని వచ్చేశాం.

మర్నాడు పొద్దున్నే ఫోను. "గురువుగారూ, అమ్మాయిని తీసుకురండి. పనైపోయింది." వెళ్ళాం. నీళ్ళు తేటగా ఉన్నాయి. డబ్బా ఇసుకలో మెడ దాకా దిగి ఉంది. కెమెరా పెట్టాడు, పంకాలు వేయించాడు, అలలు కొట్టించాడు. గాలిమర ఊగింది, దిమ్మె లేచి పడింది, గొలుసు బిగిసింది, డబ్బా కదల్లేదు. తుపాను పెంచమన్నాడు. షెడ్డు యజమాని నడుము దాకా తడిసిపోయి చెక్క కొడుతున్నాడు. డబ్బా కదల్లేదు. చూడటానికి ఎంత బాగుందంటే నేను చప్పట్లు కొట్టాను.

అమ్మాయి కొట్టలేదు. తన సంచిలోంచి పాత పేపర్లవాళ్ళు తూచే స్ప్రింగు కాటా ఒకటి తీసింది. గొలుసుకి తగిలించి పక్కకి లాగింది. ముల్లు తిరిగింది. ఇంకా లాగింది. ముల్లు ఇంకా తిరిగింది. ఆమె మొహం చూస్తున్నాను. సంతోషించాల్సిన మనిషి కనుబొమలు ముడుస్తోంది.

"ఇది ఈపాటికి ఒరగాలి మావయ్యా."

"ఒరగకపోతే మంచిదేగా?"

"ఈ ఇసుకలో, ఇంత డబ్బాకి, ఇంత బలం లేదు. నా లెక్కయినా తప్పు, ఇదైనా అబద్ధం." చెయ్యి పైకి మడిచి, భుజం దాకా నీళ్ళలో పెట్టి, ఇసుక తవ్వింది. వేళ్ళతో తడిమింది. లేచి నిలబడి, నీళ్ళు కారుతున్న చేత్తోనే జుట్టు వెనక్కి తోసుకుంది.

"కింద బోల్టు ఉంది."

షెడ్డు యజమాని చెక్క పక్కన పెట్టాడు. "నేన్ జెప్పిన గద భాయ్, ఆ బిడ్డ చెయ్యి పెట్టి చూస్తదని. ఇన్నవా?"

ఆర్ట్ డైరెక్టర్‌కి అందులో దాచాల్సిందేమీ కనపడలేదు. "ప్లేటు వేసి రాడ్డు బిగించానమ్మా. ఏం, తప్పా? పడవ మునిగే సీనులో పడవని మేమే తాళ్ళతో కిందికి లాగుతాం. హీరో కొండ అంచున వేలాడితే నడుముకి బెల్టు ఉంటుంది. జనానికి తెలుసు. ఎవరూ మోసపోయాం అనరు. ఉన్నదే కదా మనం చూపిస్తున్నది? నీ లంగరు ఊడదన్నావు, ఊడకుండా చూపించాను."

"సినిమాకి వచ్చేవాడు రెండు గంటలు కూర్చుని ఇంటికి పోతాడు బాబాయ్. ఈయన నేను చూపించింది నమ్మి తన సముద్రంలోకి నన్ను రానివ్వాలి. ఆయన కూడా చెయ్యి పెట్టి చూస్తే?"

"ఊరిపెద్ద, పంచె తడుపుకుని తొట్టిలో చెయ్యి పెడతాడా?"

"పెట్టకపోయినా నాకు తెలుసు కదా."

ఆయన నా వైపు చూశాడు, నేను తన పక్షం మాట్లాడతానని. మా డెస్కులో వార్త ఎంత ఆలస్యమైనా సరే, ఫోటోలో ఉన్న వస్తువుని అంగుళం జరపనిచ్చేవాళ్ళం కాదు. ఆ మాటే చెప్పాను. ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుని, అలిగి, బయటికెళ్ళి టీ తాగి వచ్చాడు. వచ్చేసరికి అలక సగం పోయింది.

"సరే. బంకమట్టే పోద్దాం. ధూల్‌పేటలో వినాయకుడి విగ్రహాలు చేసేవాళ్ళ దగ్గర మెత్తటి మట్టి దొరుకుతుంది. కానీ అమ్మా, నీళ్ళు కలక బారితే నన్ననకూడదు."

"బారనీ. తేరుకునే దాకా ఆగుదాం."

"షూటింగులో ఆగుడా!" అన్నాడు షెడ్డు యజమాని. "గీడ లైటు కోసం ఆగుతరు, హీరో కోసం ఆగుతరు. మట్టి కోసం ఆగుడు ఫస్టు టైము."

మట్టి వచ్చింది. పిసికి, రాళ్ళు ఏరి, తడి గుడ్డల్లో మెత్తబరిచి తొట్టి అడుగున పరిచారు. ఆ పని ఆర్ట్ డైరెక్టర్ తనే దగ్గరుండి చేయించాడు, విగ్రహం చేస్తున్నంత శ్రద్ధగా. నీళ్ళు సన్నటి ధారగా వదిలారు. అయినా తొట్టి మొత్తం కాఫీ రంగైపోయింది. పైన పరదా కప్పి వదిలేశారు. రోజూ సాయంత్రం వాకింగు పేరుతో నేనూ వెళ్ళి అద్దంలోంచి చూసేవాణ్ణి. ఒకరోజు కనపడనిది మర్నాడు మసకగా కనపడేది. పెద్దాయన వచ్చే ముందురోజుకి నీళ్ళు తేటబడ్డాయి, మరీ కొబ్బరినీళ్ళలా కాదు గానీ, అడుగు కనిపించేంత. డబ్బా దింపి, మోటారు వేశారు. గారెల పిండిలో గ్లాసు దిగినట్టే దిగింది. గొట్టానికి బిరడా పెట్టేశారు. ఈసారి నేను చప్పట్లు కొట్టకముందే అమ్మాయి కొట్టింది.

ఊరిపెద్ద అల్లుడి స్కూటరు మీద వచ్చాడు. తెల్ల చొక్కా, పంచె, చేతిలో మనవడి వేడుక మిఠాయి డబ్బా. గేటు మీద థర్మకోలు లంగరు చూసి ఆగాడు.

"ఇదేటి, ఇంత తేలిగ్గుంది?" అని వేలితో కొట్టి చూశాడు.

"అది సినిమాదండీ. మీకు చూపించేది లోపలుంది," అంది అమ్మాయి.

లోపల అద్దం ముందు కుర్చీ వేశారు. ఆయన కూర్చోలేదు. తొట్టి చుట్టూ నడిచాడు. అమ్మాయి బిరడా తీసి, నీళ్ళు కలక బారకుండా డబ్బాని నెమ్మదిగా పైకి తీసి, మళ్ళీ మొదటినుంచీ దింపి చూపించింది. కెమెరా నడుస్తుండగా పంకాలు వేశారు, అలలు కొట్టారు. గాలిమర ఊగింది గానీ లంగరు నిలిచింది. ఆయన చూపు గాలిమర మీద లేదు. గొలుసు మీద ఉంది.

"పీకి సూడొచ్చా?" అన్నాడు.

"చూడండి."

పెద్దాయన మిఠాయి డబ్బా అల్లుడి చేతిలో పెట్టి, చొక్కా చేతులు మడిచి, ముందు మట్టిలో చెయ్యి పెట్టి డబ్బా చుట్టూ తడిమాడు. కింద దాకా. గొలుసు పట్టుకుని పక్కకి లాగాడు. డబ్బా నిలిచింది. కాలు తొట్టి గోడకి తన్ని పెట్టి లాగాడు. మట్టి కొంచెం ఉబ్బింది గానీ డబ్బా నిలిచింది. తరవాత గొలుసు చేతికి చుట్టుకుని, గోడెక్కి నిలబడి, నిటారుగా పైకి లాగడం మొదలుపెట్టాడు. వయసైన మనిషే గానీ వలలు లాగిన చేతులు. డబ్బా మొదట కదల్లేదు, తరవాత కొద్దిగా లేచింది, తరవాత బురదలో ఇరుక్కున్న కాలు ఊడినట్టు చప్పుడు చేసి వచ్చేసింది. నీళ్ళు మళ్ళీ కాఫీ రంగైపోయాయి.

"వచ్చీసిందమ్మా," అన్నాడు డబ్బాని పైకెత్తి పట్టుకుని.

ఆర్ట్ డైరెక్టర్ నా చెవి దగ్గర, "బోల్టు ఉంచితే సరిపోయేది," అన్నాడు.

మా అమ్మాయి మొహంలో గాభరా లేదు. "వస్తుందండీ. నిటారుగా పైకి లాగితే అంత బలం ఉండదు. పక్కకి లాగినప్పుడు ఇంత మట్టి అడ్డుపడుతుంది," అని చేతులు చాచి చూపించింది. "పైకి లాగితే అంచుల పట్టు, దాని బరువు, అంతే. అందుకే మీ ఊరి ముందు సముద్రంలో పైకి లాగనివ్వం. గొలుసు చాలా పొడుగు పెట్టి, అడుగున పరిచేస్తాం. తుపానులో గాలిమర ఎంత లేచినా ముందు ఆ పరిచిన గొలుసు లేవాలి. లంగరు దాకా వచ్చేసరికి లాగుడు పక్కకే ఉంటుంది. ఇంకోటి కూడా చెప్పాలి. తొట్టిలో మట్టి వేరు, మీ సముద్రంలో మట్టి వేరు. అక్కడిది తీసి చూడకుండా అక్కడ ఊడదని నేనిప్పుడు చెప్పలేను. ఆ రోజు మీ ఊళ్ళో చెప్పాను. అలా చెప్పి ఉండకూడదు."

పెద్దాయన డబ్బా లోపల అంటుకున్న మట్టిని వేలితో గీకుతూ విన్నాడు. "గొలుసు అడుగున పరుత్తావు. మరి ఆ మేర వల?"

"అడుగున ఈడ్చే వలలు ఆ మేర వెయ్యకూడదు. చిక్కుకుంటాయి. పైన తేలే వలల సంగతి వేరు, దాని గురించి మీరూ మేమూ కూర్చుని మాట్లాడుకోవాలి."

"అది బొమ్మల్లో సూపించలేదే?"

"లేదు. ఈసారి చూపిస్తాను. మీరు ఇప్పుడు పీకింది కూడా సినిమాలో ఉంటుంది."

"పీకింది సూపిత్తావా! ఎవులైనా తమ సరుకు ఊడినట్టు సూపిత్తారా?"

ఆర్ట్ డైరెక్టర్ ఇక ఉండబట్టలేకపోయాడు. "పెద్దాయనా, మా సినిమాల్లో ఇంటర్వెల్ ముందు హీరో తన్నులు తింటాడు. తినకపోతే రెండో సగం ఎవడూ చూడడు." అని, తన మాట తనకే నచ్చి, అమ్మాయి వైపు తిరిగాడు. "అక్కడే పెడదాం అమ్మా. నిటారుగా పీకితే వచ్చేసింది, ఇంటర్వెల్. తరవాత గొలుసు పరిచి, పక్కకి లాగించి, నిలబెడదాం."

పెద్దాయన నవ్వాడు. అప్పటిదాకా నవ్వలేదు. కుర్చీలో కూర్చుని, నీళ్ళడిగి తాగాడు. అమ్మాయి ఆయన ఎదురుగా నిలబడే ఉంది. ఆ కాసేపు ఆమెకి ఎంత పొడుగ్గా తోచిందో నాకు తెలుసు, ఎందుకంటే చేతిలో ఉన్న స్ప్రింగు కాటాని అటూ ఇటూ తిప్పుతూనే ఉంది.

"మట్టి తీసే పడవ రానీ," అన్నాడు ఆయన చివరికి. "అందులో మావోడొకడుంటాడు. తీసిన మట్టి మా ఊళ్ళోకి తేవాల. ఇలాటి తొట్టొకటి కట్టి, అందులో ఏసి, ఊరందరి సేతా పీకించాల. గాలిమరల మాట ఆ తరవాత. ఇప్పుడు నేను సరే అన్నది మట్టికే."

"మట్టికే చాలు," అంది మా అమ్మాయి. కాటా సంచిలో వేసేసింది.

"ఈ డబ్బా నేనట్టుకెల్తాను. మావోళ్ళకి సూపించాల."

"ఒక్క రోజు ఆగండి," అని ఆర్ట్ డైరెక్టర్ చెయ్యి అడ్డం పెట్టాడు. "రేకు మొహం పెట్టుకుని అలా పంపితే మా పరువేం కావాలి? తుప్పు రంగు వేసి, కాస్త నాచు అంటించి..."

"రంగొద్దు బాబూ. ఆల్చిప్పలు మా దగ్గర బోల్డున్నాయి."

షెడ్డు యజమాని పగలబడి నవ్వి, డబ్బాకి అంటిన మట్టి కడగడానికి గొట్టం తెచ్చాడు. పెద్దాయన అదీ వద్దన్నాడు. మట్టితోనే పాత పేపర్లో చుట్టించుకున్నాడు. స్కూటరు వెనక కూర్చుని దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. మిఠాయి డబ్బా మాత్రం మాకు ఇచ్చి వెళ్ళాడు.

వాళ్ళు మలుపు తిరిగాక మా అమ్మాయి తిరిగి తొట్టి దగ్గరికి వెళ్ళి, కలక నీళ్ళలోకి చూస్తూ నిలబడింది.

"ఆయన పక్కకి లాగినప్పుడు ఎంత లాగి ఉంటాడు మావయ్యా? కాటా తగిలించడం మర్చిపోయా."

"నీ లెక్కకంటే ఎక్కువే లాగాడనిపించింది."

"నాకూ అలాగే అనిపించింది. అంటే నా లెక్క కొంచెం తక్కువే చెప్పింది. అలా ఉంటేనే మంచిది." అని షెడ్డు యజమాని వైపు తిరిగింది. "అన్నా, తొట్టి ఖాళీ చెయ్యకండి. మట్టి ఆరిపోకుండా నీళ్ళు ఉంచండి. ఇంకో డబ్బా చేయించి మళ్ళీ దింపుతాను."

"ఉంచుత బిడ్డా. గని గీసారి నీళ్ళు తేటగయ్యేదాంక ఎన్ని దినాలు ఆగాలె?"

"అవి తేరుకునే దాకా," అంది. అప్పటికే ఆర్ట్ డైరెక్టర్ కొత్త డబ్బాకి రేకు కొలుస్తున్నాడు.